పిట్ట ముట్టని కూడు

దుర్గవ్వ కూడు పిట్ట ముట్టలేదు. దీని మీద వాదన అక్కర్లేదు. బస్తీ మొత్తం చూసింది.

ఆమె పోయిన మూడోనాడు బస్తీ పీనుగులను పూడ్చే బొందలగడ్డ మీద పెనిమిటి కొమురెల్లి ఇస్తారాకు పరిచిండు. బువ్వ, కోడికూర, ఆమె పానం పెట్టి తినే సర్వపిండి, చిన్న గిలాసలో చాయ్. అన్నీ పెట్టి అవతలికి జరిగి కూచున్నడు. పోయినోళ్లు కాకి రూపంలో వచ్చి ముట్టిపోతరు. పిట్ట ముట్టేదాకా అయినోళ్లు లేవొద్దు, మెతుకు నోట్లో పెట్టొద్దు. పిట్ట రాకుంటే పోయినోళ్ల మనసులో ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఇంటోళ్లు లేచి ఆ కోరిక తీరుస్తమని గట్టిగా మాటియ్యాలె. మాటిస్తే పిట్ట వాలుతది. తాతల నాటి నుంచి వాలుతనే ఉండె.

"బిడ్డ సదువు మీదనే పానముండె ఆమెకు. మాటియ్యిరా," అన్నడు భూమన్న. కొమురెల్లి, భూమన్న ఒకే బొగ్గుబాయిలో పనిచేసి రిటైరై దిగిపోయినోళ్లు. కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేసి ఈ బస్తీలో పక్కపక్కనే రేకుల ఇండ్లు వేసుకున్నరు.

కొమురెల్లి లేచి నిలబడ్డడు. "దుర్గా, స్పందనను సదివిపిస్త. యూనివర్సిటీ దాక పంపుత. ఇగ రా."

రాలేదు.

కాకులు లేక కాదు. కూలిన గోడ అవతల డంపుయార్డు మీద నల్లగా పరుచుకొని ఉన్నయి. హోటళ్లల్ల మిగిలిన బిర్యానీ, ఫంక్షన్ హాళ్ల ఎంగిలి, కోడి పేగులు, చచ్చిన కుక్కలు. పట్నం కడుపు నిండగా మిగిలినదంతా ఆడికే వస్తది. అంత తిన్న కాకి బీదోని ఆకు దిక్కు ఎందుకు మర్లి చూస్తది?

ఆర్నెల్ల ముచ్చట అని చెప్పి పదేండ్ల కింద ఆ చెత్త తెచ్చి పోసుడు మొదలువెట్టిండ్రు. అది ఎండకాలం కాలుతది, వానకాలం పొగ లేస్తది, ఏనాడూ ఆరదు. చెత్త కాంట్రాక్టరు లక్ష్మీరాజం. అతని కిందనే దుర్గవ్వ ఏండ్లకేండ్లు పట్నం రోడ్లు ఊడ్చింది. ఊడ్చిన చెత్త పొగై ఆమె ఊపిరితిత్తుల్లో కూచున్నది. ఆమె చచ్చినంక అదే చెత్త గుట్టై తలాపున నిలబడ్డది.

పొద్దుగూకేదాకా చూసి, ఆ కూడు మూటగట్టి వాగులో కలిపిండ్రు. ఆనాటి నుంచి కొమురెల్లి అవసరానికి మించి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇచ్చిన మాట మాత్రం తప్పలేదు. స్పందన కరీంనగర్ పోయింది. యూనివర్సిటీలో చేరింది.

*

ఆ పిల్లను నగర నాయకత్వ శిక్షణకు ఎంపిక చేసిండ్రు. యూనివర్సిటీ పిల్లలను రేపటి కౌన్సిలర్లుగా, మేయర్లుగా తయారుచేస్తమని దాని గొప్ప. పాఠాలు చెప్పేది నిరంజన్ సార్. ఖర్చు పెట్టేది లక్ష్మీరాజం. పిల్లలకు ఇచ్చే బిస్కెట్ల నుంచి వాళ్లు ఎక్కే బస్సు దాకా అతనిదే.

ఒకనాడు ఆ బస్సు బస్తీకే వచ్చింది. ఒకే రంగు అంగీలు, మెడల బ్యాడ్జీలు. పిల్లల్లో స్పందన ఉన్నది. కొమురెల్లి ఇంటి అరుగు మీద నుంచే చూసిండు. లేవలేదు.

"ప్రజలు చెప్పేది వినండి," అన్నడు నిరంజన్ సార్ బస్సు మెట్టు మీద నిలబడి. "కానీ వాళ్ల కోపంలో కొట్టుకుపోకండి. కోపంలో నుంచి సమస్యను వేరు చేయడమే నాయకుడి పని."

అందరికంటే ముందు దొరికింది పోశవ్వ. ముసల్ది ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చేస్తున్నది.

"ఏం కొడుకా, ఓట్లు ఇంక దూరమున్నయి గదా. అప్పుడే దిగిండ్రు?"

"ఓట్లకు కాదవ్వా," అన్నడు అరుణ్. బోథ్ దిక్కు పత్తి రైతు కొడుకు. "పట్నాన్ని నడిపిచ్చుడు నేర్సుకుంటున్నం."

"నడిపిస్తరా? మరి దానికి కాళ్లున్నయా? మాకైతే నోరొక్కటే కనవడ్తది. తిని తిని మా మీద కక్కుతది."

చుట్టూ ఆడోళ్లు నవ్విండ్రు. పిల్లలు కూడా నవ్విండ్రు.

"మీ బస్తీకి ఏం గావాలె అవ్వా? చెప్పు, రాసుకుంటం."

పోశవ్వ దారం కొరికి బీడీ పక్కన పెట్టింది. "మా పిట్టలు మాకు గావాలె."

అరుణ్ కు అర్థం కాలేదు. స్పందనకు అయింది. ఆమె తల వంచుకున్నది. సార్ దగ్గరికి పోయి మెల్లగా ఏదో చెప్పింది. సార్ ముచ్చటగా తలూపిండు.

"సెంటిమెంట్. మంచిదే, పక్కన పెట్టు. డ్రైనేజీ అడుగు, వీధి దీపాలు అడుగు."

"లైట్లెందుకు సారూ!" పోశవ్వ కోడలు స్వరూప వాకిట్లో నుంచే అరిచింది. ఆమె పెనిమిటి అంజన్న దుబాయ్ లో ఉంటడు. "పొగల మా మొఖాలే మాకు కనవడవు. లైటు వేస్తె ఏం గనవడ్తది, పొగనే గదా?"

బస్సు బస్తీ దాటి దింపుడు కల్లం కాడికి పోయింది. పీనుగును మోసుకపోయేటప్పుడు నడిమధ్యల పాడె దించి చెవుల పేరు పెట్టి పిలిచే జాగ అది. పిలిస్తే లేస్తరేమోనని చివరి ఆశ. ఆడోళ్లు అక్కడి నుంచే మళ్లుతరు. అది దాటి బొందలగడ్డలో అడుగువెట్టరు. తల్లి చచ్చిన నాడు స్పందన కూడా అక్కడి నుంచే మళ్లింది.

ముంగట ఏముందని ఎవరో అడిగిండ్రు. "అటు ఆడపిల్లలు పోవద్దు," అన్నది స్పందన. నిరంజన్ సార్ గడియారం చూసుకున్నడు. బస్సు మళ్లింది.

నాయకులయ్యేటోళ్లు ఆ పూట ఇంకొక్క మలుపు తిరిగి ఉంటే ఈ కథ లేదు.

*

శిక్షణ ముగిసిన నాడు మున్సిపాలిటీ కౌన్సిల్ హాల్లో పిల్లల సభ పెట్టిండ్రు. ఉత్తుత్తి సభే, కానీ కుర్చీలు నిజమైనవి, మైకులు నిజమైనవి, టీవీలోళ్లు నిజంగానే వచ్చిండ్రు. మేయర్ కుర్చీలో స్పందనను కూచోబెట్టిండ్రు. తల్లిదండ్రులను పిలిచిండ్రు. రానన్న కొమురెల్లిని భూమన్న రెక్క పట్టి తోలుకపోయిండు.

"చూడురా, మన దుర్గ బిడ్డ ఎక్కడ కూచున్నదో!"

కొమురెల్లి కుర్చీ దిక్కు చూసిండు. ఈ బిల్డింగు మెట్లు ఊడ్వటానికి దుర్గవ్వ కోడి కూయకముందు వచ్చేది. లోపలికి ఒక్కనాడు రాలేదు.

తెర మీద పట్నం బొమ్మ పడ్డది. పచ్చ రంగు, నీలం రంగు, మట్టి రంగు. పడమటి అంచున ఉన్న ఖాళీ జాగలో చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు కట్టాలని తీర్మానం. యార్డు అక్కడే ఉంటది, ఇంకా పెరుగుతది, దాని పక్కన ప్లాంటు లేస్తది. స్పందన స్పష్టంగా చదివింది. కొమురెల్లి చదివించిన గొంతు అది.

"అనుకూలమైనవాళ్లు చేతులెత్తండి."

అన్ని చేతులు లేచినయి. మొదటి వరుసలో లక్ష్మీరాజం లేచి నిలబడి చప్పట్లు కొట్టిండు. మేయర్ కుర్చీలో ఉన్న పిల్లకు శాలువా కప్పిండు. హాలంతా చప్పట్లు కొట్టింది. భూమన్న అందరికంటే గట్టిగా కొట్టిండు. ఖాళీ జాగ అంటే ఏ జాగనో ఆ హాల్లో ఎవరికి తెలుసో వాళ్లకు తెలుసు. బస్తీకి తెలువదు. చేతులెత్తిన పిల్లలకు తెలువదు.

వారం తిరగలేదు, తెలిసింది. పొద్దున్నే జేసీబీ చప్పుడు. బొందలగడ్డ చుట్టూ గుంజలు పాతుతున్నరు, తీగల జాలీ కడుతున్నరు. దారికి అడ్డంగా ఇనుప గేటు. గేటు లోపల పెద్ద ఫ్లెక్సీ. "మన యువ నగర సభ ఏకగ్రీవంగా ఆమోదించిన స్థలం" అని ఎర్ర అక్షరాలు. కింద పిల్లల ఫొటోలు. నట్టనడుమ మేయర్ కుర్చీలో, శాలువా కప్పుకొని, నవ్వుకుంట స్పందన.

ఫ్లెక్సీ గుంజను దుర్గవ్వ తలాపున పాతిండ్రు.

కొమురెల్లి చూసిండు. తల్లి బొంద మీద బిడ్డ నవ్వు. అతను మనిషి మీద చెయ్యెత్తినోడు కాదు. ఆనాడు జేసీబీ నడిపేటోని కాలర్ పట్టుకున్నడు. వాడు, "కూలోన్ని కాకా," అన్నడు. వదిలేసిండు.

బిడ్డకు ఫోన్ చేసిండు.

"రా."

"ఏమైంది బాపూ?"

"రా."

సాయంత్రం బస్సుకు దిగింది. కొమురెల్లి ముందు నడిచిండు, పిల్ల వెనక నడిచింది. దింపుడు కల్లం కాడ ఆగిపోయింది.

"బాపూ, నేను రావద్దు గదా అటు."

"చెయ్యెత్తినప్పుడు రాలేదా? నడువు."

స్పందన నడిచింది. జాలీకి ఆనుకొని చూసింది. తన మొఖం చూసింది. గుంజ మొదట్లో మట్టిదిబ్బ చూసింది, దాని మీద గుర్తుకు పాతిన కడీ రాయి చూసింది. బొందలగడ్డను ఆమె మొదటిసారి చూస్తున్నది.

"యార్డు అవతలి దిక్కు అనుకున్న బాపూ. మ్యాపుల ఖాళీ జాగ అని ఉండె..."

"మీ అవ్వ ఖాళీయా?"

పిల్ల కూలబడ్డది. కొమురెల్లి ఓదార్చలేదు. ఓదార్చే గుణం అతనికి దుర్గవ్వతోనే పోయింది.

"ఏడ్వకు. నువ్వు ఏడుస్తె గుంజలు ఊడయి. చెయ్యెత్తింది నువ్వొక్కదానివేనా?"

"అందరం ఎత్తినం."

"మరి అందరు రావాలె. ఎత్తినోళ్లే దించాలె."

*

అందరూ రాలేదు. సర్టిఫికెట్ పోతదని కొందరు, ఇంట్ల తిడతరని కొందరు ఆగిపోయిండ్రు. సగం మంది వచ్చిండ్రు. పోశవ్వ వాకిట్లో మీటింగు. బస్తీ పిల్లగాండ్లు వాళ్లను కూచోనియ్యలేదు.

"ఫొటోలు బాగ దిగిండ్రు గదన్నా. ఇంకోటి దిగుతరా, మా తాత బొంద మీద నిలవడి?"

"మెడల బిళ్లలేసుకొని వచ్చిండ్రు, మా నెత్తిన గుంజలు పాతిండ్రు!"

అరుణ్ మొఖం నల్లబడ్డది. అయినా లేచిండు. "తిట్టుండ్రి. పడ్తం. నిరంజన్ సార్ తాన్కి పోయినం. తీర్మానం వాపస్ తీసుకుంటమని చెప్పినం. సారేమన్నడో ఇనుండ్రి. మీది అభ్యాసమే, దానికి చట్టబలం లేదు, అందుకని రద్దు చేసే పనే లేదన్నడు."

"చట్టబలం లేదా?" అన్నది స్వరూప. "మరి గుంజలు పాతెతందుకు ఏ బలం వచ్చిందట?"

"ప్రజలే ఒప్పుకున్నరని పేపర్ల వేసిండ్రు అక్కా. ఇగ అసలు కౌన్సిల్ కూచుంటది. యువత ఒప్పుకున్నదే గదా అని చేతులెత్తుతది. గా మీటింగుల పాసైతే ప్లాంటు ఖాయం. బొందలగడ్డ పోయినట్టే."

భూమన్న గొంతు సవరించుకున్నడు. బాయి గేటు కాడ షిఫ్టు దిగేటోళ్లకు ఉపన్యాసాలిచ్చిన మనిషి. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, పెన్షన్, మనుమలు. "పరేషాన్ కావొద్దు. ఒక అర్జీ రాద్దాం. పెద్దసార్ల చేతికిద్దాం."

"అర్జీలు కూడ ఆఖర్కి గా యార్డుకే వస్తయి పెద్దయ్యా, చెత్తల కలిసి. నేను ఏరుకున్న," అన్నది స్వరూప. ఎవరూ నవ్వలేదు. ఆమె నిజంగానే ఏరుకున్నది.

మళ్లా లొల్లి లేచింది. బస్తీ పిల్లలు యూనివర్సిటీ పిల్లలను, వాళ్లు లక్ష్మీరాజంను, ఆడోళ్లు మొగోళ్లను తిట్టుకుంటున్నరు. స్పందన మూలకు నిలబడి ఒక్కమాట అనలేదు. అప్పుడు పోశవ్వ దగ్గింది. ముసల్ది దగ్గుడు మొదలువెడితే ఎంతోసేపు ఆగదు. ఆ దగ్గుకు అందరూ ఊకున్నరు. దుర్గవ్వ దగ్గు అట్లనే ఉండేది. కొమురెల్లి పళ్లు కొరుక్కున్నడు.

"తిట్టింది సాలు," అన్నది పోశవ్వ ఊపిరి అందినంక. "గీ పోరగాండ్లు తెలువక చేతులెత్తిండ్రు. మనం తెలిసి పదేండ్లు చేతులు ముడుసుకున్నం. ఎవలది పెద్ద తప్పు?"

పోశవ్వ బీడీల చాట పక్కకు జరిపింది.

"ఇనుండ్రి. నేను పండుటాకును. నన్ను గాడనే పెట్టాలె, మా ముసలోని పక్కకు. గేటుకు తాళమేస్తె పలగ్గొట్టాలె. ఏం భూమన్నా, అర్జీ రాస్తవా, తాళం పలగ్గొడ్తవా?"

భూమన్న తల గోక్కున్నడు. "పలగ్గొడ్త పోశవ్వా."

*

పండుటాకు తొందరగనే రాలింది. ముసురు పట్టిన దినాలు. పొగ పైకి లేవక ఇండ్లల్లనే తిరిగింది. పోశవ్వ తెల్లారి లేవలేదు.

కొడుకు అంజన్న దుబాయ్ లో ఉన్నడు. పాస్‌పోర్టు కంపెనీ తాన ఉన్నది, ఇయ్యలేదు. ఫోన్ల చూసుకుంటనే ఏడ్చిండు. మరి నిప్పుకుండ ఎవరు పట్టాలె? దాయాదులైన పాలోళ్లు గుసగుసలు పెట్టిండ్రు. స్వరూప నడుముకు కొంగు చుట్టుకొని కుండ అందుకున్నది. పాడెకు ఒక దిక్కు కొమురెల్లి, భూమన్న. ఇంకో దిక్కు అరుణ్, ఇంకో యూనివర్సిటీ పిల్లగాడు. డప్పు కొడుతున్నరు.

దింపుడు కల్లం కాడ పాడె దించిండ్రు. చెవుల పేరు పెట్టి పిలిచిండ్రు. పోశవ్వ పలుకలేదు. ఇక ఆడోళ్లు మళ్లాలె. ఒకరి మొఖం ఒకరు చూసుకుంటున్నరు.

"అత్తా, నీ కొడుకు రాలె," అన్నది స్వరూప. "నేను వస్తున్న."

దాటింది. స్పందన ఆమె వెనక దాటింది. ఆ తర్వాత ముసలోళ్లు, బాలెంతలు, పెండ్లి కాని పిల్లలు, అందరూ దాటిండ్రు. మొగోళ్ల కంటే ఆడోళ్లే ఎక్కువైండ్రు. డప్పు కొట్టేటోడు ఒక్క క్షణం ఆగి, ఇంకింత గట్టిగా కొట్టిండు.

గేటు కాడ పోలీసులు. ఎస్సై చెయ్యి అడ్డం పెట్టిండు.

"పర్మిషన్ ఉందా?"

"సచ్చెతందుకు పర్మిషన్ తీసుకోలె సారూ," అన్నడు భూమన్న. "ముసల్ది, మతిమరుపు."

"జోకులొద్దు. ఇది ప్లాంటు జాగ."

భూమన్న బొంద తవ్వే గడ్డపార అందుకొని తాళం సందుల పెట్టి ఒక్క గుంజు గుంజిండు. మోకాళ్ల నొప్పులున్న మనిషి. తాళం ఊడి ఎస్సై బూటు ముంగట పడ్డది. జనం గేటును తోసుకొని లోపలికి పారిండ్రు. స్పందన నేరుగా ఫ్లెక్సీ కాడికి పోయింది. తన మొఖాన్ని తనే నడుమ నుంచి చింపింది. గుంజను అందరూ కలిసి పీకిండ్రు.

పోశవ్వను ముసలోని పక్కన పెట్టిండ్రు. పోలీసులు ఫోన్లల్ల అందరి మొఖాలు తీసుకున్నరు. తియ్యనీ.

*

మూడోనాడే అసలు కౌన్సిల్ మీటింగు. అదే నాడు పోశవ్వకు కూడు పెట్టాలె.

ముందటి సాయంత్రం వాకిట్లో కూచున్నరు. "అత్తకు గాడ కూడు పెడితే పిట్ట రాదు," అన్నది స్వరూప. "దుర్గత్తకు రాలె. మా మామకు రాలె. పిట్టలన్ని మున్సిపాలిటీ కూటికి మరిగినయి. మరి మున్సిపాలిటీ కాడనే పెడుదాం."

ముందు నవ్విండ్రు. తర్వాత నవ్వు ఆగింది.

"ఒక్క పోశవ్వకే కాదు," అన్నది స్పందన. ఆ మీటింగులల్ల ఆమె నోరు తెరిచింది అదే మొదటిసారి. "పిట్ట ముట్టని అందరికి పెడుదాం. ఎవరింట్ల వాళ్లు వండుకొని రావాలె. మెట్ల ముంగట పరుద్దాం. సచ్చినోళ్ల కూడు దాటి కౌన్సిలర్లు లోపలికి ఎట్ల పోతరో చూద్దాం."

చచ్చినోళ్ల కూడు ఎవరూ దాటరు. కలెక్టరైనా, కాంట్రాక్టరైనా, ఈ నేల మీద పుట్టినోడు దాటడు. దాటితే తన ఇంట్ల పీనుగు లేస్తదని భయం. పిల్ల యూనివర్సిటీలో చదువుకోని పాఠం అది. కొమురెల్లి బిడ్డ దిక్కు చూసిండు. లేచి పోయి పొయ్యి మీదికి బియ్యపు పిండి కలుపుకున్నడు. సర్వపిండి చెయ్యటం అతనికి రాదు. మాడ్చిండు. మాడిందే మూటగట్టుకున్నడు.

తెల్లారేసరికి మున్సిపాలిటీ ఆవరణ నిండా ఆకులు పరిచి ఉన్నయి. గేటు నుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి తలుపు దాకా. బువ్వ, కూర, కల్లు సీసా, బీడీ కట్ట, ఒక ఆకు మీద పసిపిల్ల పాలసీసా. ప్రతి ఆకు వెనక ఇంటోళ్లు కూచున్నరు. బ్యాడ్జీలు వేసుకొనే యూనివర్సిటీ పిల్లలు వాళ్ల మధ్యన కూచున్నరు. కొమురెల్లి నట్టనడుమ, దుర్గవ్వ ఆకు ముందు.

కౌన్సిలర్ల కార్లు వచ్చినయి. దిగినోళ్లు దిగినట్టే గేటు కాడ నిలబడ్డరు. ఒకామె చెప్పులు విడిచింది, మళ్లా తొడుక్కున్నది, కారెక్కి పోయింది. లక్ష్మీరాజం వచ్చిండు.

"ఏం తమాషా ఇది? తీసెయ్యుండ్రి!"

"నువ్వే తియ్యి దొరా," అన్నది స్వరూప. "చెత్త ఎత్తుడు నీ కాంట్రాక్టే గదా."

లక్ష్మీరాజం ఒక అడుగు ముందుకేసిండు. కాలి ముంగట పాలసీసా ఉన్న ఆకు. కాలు వెనక్కి తీసుకున్నడు.

పిట్టలు రాలేదు. అప్పుడు మాటలియ్యటం మొదలైంది. స్వరూప లేచింది. "అత్తా, గా యార్డు ఎత్తేపిస్తం. ముట్టు." భూమన్న చచ్చిన తమ్ముని ఆకు ముందు లేచిండు. "తమ్మీ, బొందలగడ్డ ఇంచు జాగ పోనియ్యం. ముట్టురా." ఒక్కొక్కరు లేచి చచ్చినోళ్లకు మాటిస్తున్నరు. పాలసీసా పెట్టిన తల్లి లేచి మాట రాక నిలబడ్డది. అందరూ ఆమె మాటను తామే అన్నరు: "యార్డు ఎత్తేపిస్తం!" మున్సిపాలిటీ గోడలు అదిరినయి. అర్జీలల్ల పదేండ్లు అడిగినయే. అడుక్కునుడు పోయింది, మాటిచ్చుడు వచ్చింది.

నిరంజన్ సార్ ఉరికొచ్చిండు. గేటు అవతల నుంచే అన్నడు. "స్పందనా! నేను నేర్పిన నాయకత్వం ఇదేనా?"

స్పందన లేచింది. "మీరు చేతులెత్తుడు నేర్పిండ్రు సార్. దించుడు వీళ్లు నేర్పిండ్రు." తన తోటి పిల్లల దిక్కు తిరిగింది. "ఖాళీ జాగ అని చెయ్యెత్తినోళ్లం లేవాలె." లేచిండ్రు. బ్యాడ్జీలు తీసి గేటు అవతలికి, సార్ కాళ్ల ముంగట పడేసిండ్రు. "అవ్వా," అన్నది స్పందన తల్లి ఆకు దిక్కు చూసి, "నేను నిన్ను చూడక చెయ్యెత్తిన. జైలుకైనా పోత గని గా జాగ ఇయ్య. ముట్టు."

ఎస్సైకి పైనుంచి ఫోన్ వచ్చింది. ఆకులు ఎత్తెయ్యమని కానిస్టేబుల్ కు చెప్పిండు. కానిస్టేబుల్ శ్రీరాంపూర్ దిక్కు పిల్లగాడు. చేతులు కట్టుకున్నడు.

"ఆకులు ఎత్త సార్. ఇంట్ల చిన్నపిల్ల ఉన్నది. మనుషులనంటే ఎత్తుత."

మనుషులనే ఎత్తిండ్రు. అంచుల నుంచి మొదలువెట్టి ఆకుల సందులల్ల కాలు పెట్టుకుంట ఒక్కొక్కరిని గుంజి వ్యాన్లల్ల వేసిండ్రు. స్వరూపను జుట్టు పట్టి ఈడ్చిండ్రు. అరుణ్ నెత్తి పగిలింది. స్పందనను నలుగురు మోసిండ్రు. ఆమె కాళ్లు నేలకు తాకలేదు, నోరు మూతపడలేదు. కొమురెల్లి కాడికి మాత్రం రాలేకపోయిండ్రు. అతని చుట్టూ అంతటా ఆకులే. దాటాలంటే చచ్చినోళ్లను దాటాలె.

వ్యాన్లు పోయినయి. మీటింగు వాయిదా అని తలుపుకు తాళమేసిండ్రు. లక్ష్మీరాజం కారు పోయింది. కానిస్టేబుళ్లు గేటు అవతలికి పోయి అటు తిరిగి నిలబడ్డరు. ఆవరణలో ఆకులు, కొమురెల్లి. అంతే.

కాకులు వచ్చినయో రాలేదో, వస్తే ఏ ఆకు ముట్టినయో, మాడిన సర్వపిండి ఎవరైనా తిన్నరో లేదో, చూసింది కొమురెల్లి ఒక్కడే. పొద్దు వాలినంక లేచిండు. అన్ని ఆకులు తనే ఎత్తి, మూటలు కట్టి, మోసుకపోయి వాగులో కలిపిండు. తర్వాత పోలీస్ స్టేషన్ దారి పట్టిండు.

స్టేషన్ ముంగట బస్తీలో మిగిలినోళ్లంతా ఉన్నరు. బొగ్గుబాయి షిఫ్టు దిగినోళ్లు మసి మొఖాలతోనే వచ్చిండ్రు. కరీంనగర్ నుంచి బస్సు దిగింది. మొన్న సర్టిఫికెట్లకు భయపడ్డ పిల్లలు, వాళ్ల వెంబడి ఇంకెంతోమంది. ఎవరూ వాళ్లను ఫొటోల గురించి అడుగలేదు. జరిగి జాగ ఇచ్చిండ్రు.

"పెద్దయ్యా, పిట్ట ముట్టిందా?" నలుదిక్కుల నుంచి అదే మాట. "మా అయ్యది?" "మా చెల్లెది?" "నువ్వు లేచినవంటే ముట్టినట్టే గదా?"

కొమురెల్లి జనాన్ని చీల్చుకొని కిటికీ కాడికి పోయిండు. లోపల స్పందన ఊచలు పట్టుకొని నిలబడి ఉన్నది. పెదవి చిట్లి నెత్తురు గట్టింది.

"బాపూ, అవ్వ ముట్టిందా?"

కొమురెల్లి బిడ్డను చూసిండు. కొంగుతో ఆ నెత్తురు తుడిచే తల్లి లేదు. భుజం మీది తువాల తీసి ఊచల సందుల నుంచి ఇచ్చిండు.

"ముట్టిందంటే గీ జనం ఇండ్లకు పోయి పండుకుంటరు. ముట్టలేదంటే ఏడ్చుకుంట కూచుంటరు. యార్డు ఇంక ఆడనే ఉన్నది."

"నాకొక్కదానికి చెప్పు."

"నీకు కూడ చెప్ప."

"యార్డు ఎత్తేసిన నాడు చెప్తవా?"

"ఆనాడు కూడ చెప్ప. గా సంగతి నన్ను ఎవ్వరు అడుగొద్దు. నా నోట ఎన్నటికి రాదు."

స్టేషన్ మెట్ల మీద కూచున్నడు. జనం అతని చుట్టూ కూచున్నరు.